పక్కకి చూసిన చూపు

నా బల్ల మీదికి రోజుకి పదో పదిహేనో ఫోన్లు వస్తాయి. పగిలినవి, తడిసినవి, మొగుడు గోడకేసి కొట్టినవి, ఒకసారైతే గొర్రె నమిలింది కూడా. కిర్గిజ్‌స్తాన్‌లో మా తోక్మోక్ ఊరి బజారులో ఉల్లిపాయల వరుస దాటాక నీలం రంగు ఇనుప డబ్బా దుకాణం నాదే. అందరి ఫోన్లూ బాగుచేసే నా జేబులో ఉండేది మాత్రం బొత్తాల ఫోను. మాట్లాడడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. ఎదురుగా జోళ్లమ్మే సగిన్ దాన్ని చూసినప్పుడల్లా "మిఠాయి కొట్టువాడివి, చక్కెర ముట్టవేంరా కెంజెబెక్?" అని ఎగతాళి చేస్తాడు. నవ్వి ఊరుకుంటాను. కారణం చెబితే వాడు మరి నవ్వడు, లేదా చచ్చేదాకా నవ్వుతూనే ఉంటాడు.

రష్యాలో ఇళ్లు కట్టే పనికి పోయినప్పుడు అంటుకుంది నాకా జబ్బు. ఒక్క గదిలో పద్నాలుగు మందిమి. పని, నిద్ర, మధ్యలో ఫోను. బూతు సినిమాలు అందరూ చూసేవాళ్లు, నేనూ చూశాను. వాళ్లలో చాలామంది ఇంటికొచ్చాక మానేశారు. నేను మానలేకపోయాను. తాజిగుల్‌ని పెళ్లిచేసుకున్నాక కూడా, ఈ దుకాణం పెట్టాక కూడా, పట్టపగలు రేకు తలుపు సగం దించుకుని కూర్చునేవాణ్ణి. తాగుబోతు దగ్గర వాసనైనా వస్తుంది. నా రోగానికి వాసన లేదు. సాయంత్రం ఇంటికెళ్లి భార్య పెట్టిన అన్నం తినేవాణ్ణి. ఆమె మాట్లాడుతుంటే ఆమె మొహం మీద ఇంకెవరెవరివో మొహాలు ఆడేవి. నన్ను చూసుకుంటే నాకే రోత పుట్టేది. ఆ రోత పోగొట్టుకోడానికి మళ్లీ అదే చూసేవాణ్ణి.

ఒకరోజు తాజిగుల్ నా ఫోను చూసింది. అరవలేదు. కడిగిన పళ్లేలే మళ్లీ కడిగింది. అవి ఆరకుండానే ఇంకోసారి కడిగింది.

ఆ వారంలోనే వీబే తాత నా దుకాణానికి వచ్చాడు. తలుపులూ కిటికీలూ చేసే ముసలి జర్మన్ వడ్రంగి, ఊళ్లో చిన్న క్రైస్తవ సంఘానికి పెద్ద కూడా. వాళ్లవాళ్లంతా ఎప్పుడో జర్మనీ వెళ్లిపోతే ఈయనొక్కడూ ఉండిపోయాడు. మా కిర్గిజు మా కంటే బాగా మాట్లాడతాడు. నేను ఆయన ఫోను విప్పుతుంటే, బల్ల మీద నా ఫోను దానంతటదే వెలిగింది. పొద్దున్న నేను వదిలేసిన చోటే ఆగి ఉంది బొమ్మ. ఆయన చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. దొరక్క దొరక్క ఒక ప్రార్థనాపరుడికే దొరికాను.

"నా ఫోను గురువారం నువ్వే తెచ్చి ఇవ్వు బాబూ. నాకు మోకాళ్ల నొప్పులు" అన్నాడంతే.

గురువారం వెళ్లాను. ఆ తర్వాతి గురువారమూ వెళ్లాను. అలా వెళ్తూ వెళ్తూ ప్రభువు దగ్గరికే వెళ్లాను. మా ఇంట్లో అందరూ ముసల్మానులు. మా అన్నలు నాతో మాటలు మానేశారు. ఊరి శ్మశానంలో నీకు చోటు లేదు పొమ్మన్నారు. ఫర్వాలేదనుకున్నాను. చావక ముందే ఎక్కడో ఒకచోట బతకాలి కదా.

మా సంఘంలో సాక్ష్యాలు చెప్పేవాళ్లంటే నాకు కొంచెం ఒళ్లుమంట. "ఆ క్షణం నుంచి మళ్లీ ముట్టలేదు, హల్లెలూయ" అని కూర్చుంటారు. నాకలా జరగలేదు. బాప్తిస్మం తీసుకున్నాక మూడుసార్లు పడ్డాను. పడిన ప్రతిసారీ వడ్రంగి కొట్టుకే వెళ్లాను. వీబే తాత ఒకటే ప్రశ్న అడిగేవాడు: "చూశావా?" చూశాననో లేదనో ఒక్క మాటే చెప్పాలి. కథలు చెప్పకూడదు. ఏది చెప్పినా తిట్టడు, మెచ్చుకోడు. చిత్రిక నా చేతికిచ్చి చెక్క చూపిస్తాడు. చెక్క నునుపు తేలేదాకా తోయడం, తర్వాత పొట్టులో మోకాళ్లూనడం. ఆయన దగ్గర నేర్చుకున్న ప్రార్థన కూడా ఒక్కటే: "ప్రభువా, చెయ్యి పట్టుకో." ఫోను వైపు వెళ్లేది చెయ్యే కాబట్టి దాన్నే పట్టుకోమనేవాణ్ణి. మూడోసారి పడ్డాక మళ్లీ పడలేదు. రెండేళ్ల మీద నాలుగు నెలలు గురువారం గురువారం "లేదు" అన్నాను. అప్పుడు నన్ను పరిచారకుణ్ణి చేశారు. ఆదివారం గుమ్మంలో నిలబడి పాటల పుస్తకాలిస్తాను. బాప్తిస్మాలప్పుడు కాలవలో నడుం లోతున నిలబడి, దిగేవాళ్లకీ ఎక్కేవాళ్లకీ చెయ్యి అందిస్తాను.

అంతా బాగుపడ్డట్టే. ఒక్కటి మాత్రం నన్ను వదల్లేదు.

నేను మళ్లీ మళ్లీ వెతుక్కుని చూసినదాంట్లో ఒకమ్మాయి ఉండేది. కిర్గిజు పిల్లే, ఇరవై రెండు ఇరవై మూడేళ్లుంటాయి. దాని చివర్లో ఒకచోట ఆమె తల పక్కకి తిప్పి, కెమెరా వెనకున్న ఎవరినో చూస్తుంది. అయిపోయిందా, ఇక నేను వెళ్లొచ్చా అని అడుగుతున్న చూపు అది. బడిలో గంట కోసం చూసే పిల్లల చూపులాంటిది. రెండు క్షణాలు కూడా ఉండదు. ఆ చూపు దగ్గరికి రాగానే నేను వేలితో ముందుకి జరిపేసేవాణ్ణి. ప్రతిసారీ జరిపేసేవాణ్ణి. మిగతావన్నీ మరిచిపోయాను, దేవుడి దయ. నేను చూడకుండా జరిపేసిన ఆ రెండు క్షణాలే నా వెంట పడ్డాయి. ఆరిపోయిన ఫోను చేతిలోకి తీసుకుంటే ఆ నల్లటి అద్దంలో నా మొహం కనిపించాలి కదా. ఆ చూపు కనిపించేది.

మంచు కరిగే రోజులు, మార్చి ఆదివారం. గుమ్మంలో నిలబడి పుస్తకాలిస్తున్నాను. నీలం తలగుడ్డ కట్టుకున్న ఒకామె బూట్ల బురద గీక్కుంటూ మెట్లెక్కి వచ్చింది. "వందనాలమ్మా" అని తలెత్తాను.

ఆ అమ్మాయే.

 చేతిలో పుస్తకాల దొంతర జారి ఆమె కాళ్ల దగ్గర పడింది. ఇద్దరం ఒకేసారి వంగాం. పుస్తకం అందించాను, ఆమె చేతిని మాత్రమే చూస్తూ. వేలికి సూది గుచ్చుకున్న మచ్చలున్నాయి. "ఫర్వాలేదు బైకే" అంది. మా దగ్గర చెల్లెళ్లు అన్నని పిలిచే పిలుపది. ఆ పిలుపుకి నాకు చచ్చిపోవాలనిపించింది.

పేరు బెగిమాయ్ అని తర్వాత తెలిసింది. నారిన్ కొండల వైపు నుంచి వచ్చిందట, బజారు వెనక బట్టలు కుట్టే కార్ఖానాలో పనట. తాజిగుల్‌కి ఆమె మొదటి రోజే నచ్చేసింది. ఇద్దరూ కుట్టుపనివాళ్లే కదా. "ఎంత బుద్ధిమంతురాలో. ఆదివారం మనింటికి రమ్మన్నాను" అంది. నేను కడుపులో నొప్పని ఆ ఆదివారం మంచమెక్కాను. పక్కగదిలో ఆ పిల్ల నవ్వు వినిపిస్తూనే ఉంది. అలా నవ్వగలదని నేనెప్పుడూ అనుకోలేదు. అసలు ఆమె గురించి ఏమీ అనుకోలేదు.

ఆ తర్వాత రోజులు నరకం. ఆమె పాడుతుంటే నేల చూపులు, ఆమె ప్రార్థిస్తుంటే పైకప్పు చూపులు. భక్తి పెరిగిందనుకున్నారు సంఘంలో. దుకాణంలో ఏ ఫోను తీసినా ఆ చూపే. గాజు తుడిస్తే పోయేది కాదు. చచ్చినవాళ్లు దయ్యాలై తిరుగుతారంటారు. బతికున్న మనిషి ఆదివారం ముందు వరుసలో కూర్చుని, మిగతా ఆరు రోజులూ దయ్యమై తిరిగితే ఏ ప్రార్థన చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు.

సిగ్గుపడుతూనే ఇంకోటి కూడా చెబుతాను. భయంతో పాటు పాత ఆకలి కూడా లేచింది. చచ్చిందనుకున్నాను, పడుకుంది అంతే.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం టాక్సీ నడిపే జోల్దోష్ తన ఫోను ఇచ్చి, తాళం మాట కూడా చెప్పేసి సమోసాలు తినడానికి వెళ్లాడు. కొత్త అద్దం వేశాను. వెలిగింది. ధగధగలాడుతోంది. ఆ అమ్మాయి దొరికే మాటలు నా వేళ్లకి ఇంకా గుర్తున్నాయి. మూడక్షరాలు కొట్టాను. ఒళ్లంతా వేడెక్కింది. చెవుల్లో హోరు. సరిచూసుకోడానికేలే అని నాలోంచి ఒకడంటున్నాడు. నిజంగా ఆమేనో కాదో తెలుసుకోవాలి కదా, సంఘం మంచికే కదా. ఎంత దొంగ భక్తుడో చూడండి వాడు!

"ప్రభువా, చెయ్యి పట్టుకో" అన్నాను పైకే. వేలు ఆగలేదు. నాలుగో అక్షరం కూడా కొట్టింది. "పట్టుకోమంటున్నానా!" అని కేక పెట్టాను. ఎదురు కొట్లో సగిన్ తొంగి చూశాడు. నా ముందు పియాలాలో టీ ఉంది, అప్పుడే పోసింది. ఫోను తీసి అందులో నిలువునా ముంచేశాను.

జోల్దోష్ మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి నేను దాన్ని టీలో అదిమి పట్టుకుని ఏడుస్తున్నాను.

"ఒరేయ్! అది నా ఫోనురా! బిస్కట్టనుకున్నావా?"

"మళ్లీ బాగుచేసి ఇస్తా బైకే."

"ముంచడం ఎందుకు, బాగుచెయ్యడం ఎందుకురా? మీ సంఘంలో ఫోన్లకి కూడా ఇస్తున్నారా బాప్తిస్మం?"

బజారంతా నవ్వింది. నేనూ నవ్వాను.  రెండు రోజులు కూర్చుని, విప్పి, ఆరబెట్టి, ఆ ఫోనుని బతికించాను.

ఆ గురువారం వీబే తాత కిటికీ చట్రం బిగిస్తున్నాడు.

"చూశావా?"

"లేదు."

ఆయన సుత్తి పక్కన పెట్టాడు. "లేదనడానికి ఇంతసేపు పట్టిందేం?"

అప్పుడు చెప్పేశాను. నాలుగక్షరాలూ, టీ, ఆ పిల్ల, ఆ చూపు, అన్నీ. కథలు చెప్పకూడదన్న నియమం ఆ రోజు ఆయనే పక్కన పెట్టాడు.  గడ్డంలో ఇరుక్కున్న పొట్టు ఏరుకుంటూ కూర్చున్నాడు.

"ఆమె జీవితం ఆమె నాకు చెప్పుకుంది. నీకు చెప్పను" అన్నాడు చివరికి. "నువ్వు మాత్రం ఆమె దగ్గరికెళ్లి క్షమించమని కాళ్లు పట్టుకోకు. సంఘంలోనూ నోరెత్తకు."

"ఒప్పుకుంటే తేలికవుతుంది కదా తాతా?"

"నీకవుతుంది. నువ్వు దించిన మూట ఎక్కడ పడుతుంది? ఆ పిల్ల నెత్తిన పడదూ? మోసుకో. మోయలేకపోతే ఇక్కడికి రా, ఇద్దరం మోద్దాం."

అలాగేనని మాటిచ్చాను.

జూన్‌లో బాప్తిస్మాలు. దానికి ముందు సభ్యుల కూటం పెట్టడం మా పద్ధతి. బాప్తిస్మం కోరినవాళ్లని పెద్దలు లోపల ప్రశ్నలడుగుతారు. తర్వాత వాళ్లని బయట పెరట్లో కూర్చోబెట్టి, తలుపేసి, వీబే తాత సంఘాన్ని అడుగుతాడు: "ఈ ఆత్మ గురించి ఎవరి మనసులోనైనా ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి." ఎవరూ మాట్లాడరు. చేతులెత్తుతారు. అయిపోతుంది. నేను ఉన్నన్నేళ్లలో ఆ ప్రశ్నకి ఎవరూ నోరు విప్పలేదు.

ఆ రోజు ఉమ్సునాయ్ ఎజే లేచింది. ఎజే అంటే అక్క, ఈమె సంఘంలో అందరికీ పెద్దక్క. ఎవరింట్లో జబ్బు చేసినా మొదట సూపు పట్టుకెళ్లేదీ ఆమే, ఎవరి గిన్నెలు జిడ్డుగా ఉన్నాయో మొదట చెప్పేదీ ఆమే.

"నాకు చెప్పడం ఇష్టం లేదు" అని మొదలుపెట్టింది. అలా మొదలుపెట్టేవాళ్లకి ఎంత ఇష్టమో అందరికీ తెలుసు. "మా ఆడపడుచు కొడుకు అంటున్నాడు, ఈ అమ్మాయి అల్మాటి పట్నంలో ఉన్నప్పుడు పాడు పనులు చేసిందిట. ఫోన్లలో వస్తుందిట. రేపు ఊళ్లోవాళ్లు మన గేటు ముందు నిలబడి ఏమంటారు? అసలే మనమంటే పడదు వాళ్లకి. ఒక్క ఏడాది ఆగుదాం. పరీక్షిద్దాం. తప్పా?"

తలలు కదిలాయి. తప్పులేదన్నట్టే కదిలాయి. ఏడాది ఆగమంటే ఆ పిల్ల మళ్లీ ఈ గేటు లోపలికి అడుగుపెట్టదని నాకు తెలుసు. ఎందుకు ఆగమన్నారో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మళ్లీ ఒక గది, మళ్లీ కొందరు మూసిన తలుపు వెనక ఆమె గురించి మాట్లాడుకోవడం. వీబే తాత నా వైపు చూడలేదు. చూడకూడదనే చూడలేదు. ఆడవాళ్ల వైపు తాజిగుల్ తలగుడ్డ కొస వేలికి చుట్టుకుంటోంది.

మా వాళ్లకి ఒక జబ్బుంది. నోరు విప్పి ఒప్పుకుంటే చాలు, అంతా కడిగేసినట్టవుతుందనుకుంటాం. ఆ కడిగిన నీళ్లు ఎవరి గుమ్మంలోకి పోతాయో చూసుకోం. నేను లేచాను.

"ఎజే, మీ ఆడపడుచు కొడుక్కి ఎలా తెలిసింది? చూశాడు కాబట్టే కదా? మరి వాడి మీద పరీక్ష లేదా? చూసేవాళ్లు లేకపోతే తీసేవాళ్లుంటారా? ఏడాది ఆపాలంటే ముందు నన్ను ఆపండి. నేను ఆరేళ్లు అలాంటివే చూశాను. పగలూ చూశాను, భార్య పక్కగదిలో ఉండగా చూశాను. మీకు పుస్తకాలిచ్చే ఈ చేత్తోనే చూశాను. ప్రభువు చెయ్యి పట్టుకోకపోతే ఇవాళ కూడా అదే చేస్తూ ఉండేవాణ్ణి."

 నా మాటలతో ఆ పిల్లని కప్పేశాననుకున్నాను. ఎంత తెలివైనవాణ్ణి! ఉమ్సునాయ్ ఎజే తల పక్కకి వంచి నన్నే చూస్తోంది. ఆమె తెలివితక్కువది కాదు.

"అంటే... నువ్వు ఈ అమ్మాయిని చూశావా?"

నేను వీబే తాత వైపు చూశాను.

"అడుగుతున్నాను కదా కెంజెబెక్. చూశావా?"

మూడేళ్లకు పైగా ప్రతి గురువారం ఆ ప్రశ్నకే నిజం చెబుతూ బతికాను. ఆ నిజమే నన్ను నిలబెట్టింది. ఇప్పుడు నిజం చెబితే ఆమె పని అయిపోతుంది, అబద్ధం చెబితే నా పని అయిపోతుంది. ఊరుకున్నా చాలు, ఊరుకోవడమే చూశానని చెప్పడం. నలభై మంది నా పెదాలు చూస్తున్నారు. వీబే తాత కళ్లు మూసుకున్నాడు. ఆయన వద్దన్న మూటని నేనే మోసుకొచ్చి నడిగదిలో దించాను.

అప్పుడు తలుపు తెరుచుకుంది. ఎండాకాలం, కిటికీలన్నీ బార్లా తీసే ఉన్నాయి. ఆప్రికాట్ చెట్టు కింద కూర్చున్న మనిషికి మా గుసగుసలు కూడా వినిపిస్తాయన్న సంగతి ఇన్నేళ్లుగా ఒక్కరికీ తట్టలేదు.

బయట కూర్చోబెట్టినవాళ్లు పిలవకుండా లోపలికి రావడం మా దగ్గర లేదు. బెగిమాయ్ వచ్చి నడిగదిలో నిలబడింది.

"నేను బయటే ఉన్నాను కదా ఎజే, నన్నే అడగొచ్చుగా" అంది.  "అవును. నాలుగుసార్లు తీశారు. ఎలా వెళ్లానో, ఎందుకు రాలేకపోయానో వీబే తాతకి చెప్పాను, దేవుడికి చెప్పాను. మూడోసారి చెప్పే ఓపిక లేదు. అది ఇంకా తిరుగుతూనే ఉంటుంది. నేను చచ్చాక కూడా తిరుగుతుంది. మీరు ఏడాది ఆగినా అది ఆగదు."

 ఆమె నా వైపు తిరిగింది. నేను ఆమె బూట్లు చూస్తున్నాను.

"మీరు చూశారని నాకు మొదటి రోజే తెలుసు బైకే. పుస్తకం నా చేతిని చూస్తూ ఇచ్చారు. చూసినవాళ్లు నా మొహం చూడరు. బస్సులో, బజారులో, ఎక్కడైనా అంతే. నాకు అలవాటైపోయింది, చిటికెలో కనిపెట్టేస్తాను." ఆగింది. "ఇప్పుడు చూడండి."

నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"చూడండి బైకే. నేనే అడుగుతున్నాను."

తలెత్తాను. ఎడమ కనుబొమ మీద చిన్న గాటు. ఎండకి తోలు లేచిన ముక్కు. కింది పెదవి పళ్లతో నొక్కి పట్టుకుంది, ఏడవకుండా. నిద్ర చాలని కళ్లు. కార్ఖానాలో పది గంటలు మిషను తొక్కి వచ్చిన మనిషి మొహం అది. ఆమెని ఎన్నోసార్లు చూశాననుకున్నాను, ఒక్కసారి కూడా చూడలేదు. నా కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు. తుడుచుకుంటే మళ్లీ తప్పించుకున్నట్టవుతుందని భయమేసింది.

"నన్ను క్షమించమ్మా బెగిమాయ్" అన్నాను. ఆమె పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

ఆమె క్షమించానని అనలేదు. తల ఒక్కసారి ఊపింది.

ఉమ్సునాయ్ ఎజే తన పక్కన పెట్టుకున్న సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. "కూర్చో తల్లీ, ఎంతసేపు నిలబడతావు" అంది. వీబే తాత అడిగాడు. చేతులు లేచాయి. ఉమ్సునాయ్ ఎజే చెయ్యి అందరికంటే ఆఖర్న లేచింది, అందరికంటే పైకి లేచింది.

నన్ను పరిచర్య నుంచి తప్పించమని నేనే అడిగాను. "ఈ ఏడాదికి తప్పిస్తున్నాం" అన్నాడు వీబే తాత. "కాలవలో చెయ్యి ఇవ్వడానికి ఇంకొకరిని చూద్దాం."

"వద్దు" అంది బెగిమాయ్. "చెయ్యి ఆయనే ఇవ్వాలి. ఎవరు చూశారో తెలియని చేతుల కంటే తెలిసిన చెయ్యి నయం."

మగవాళ్ల వైపు కొన్ని తలలు వంగాయి. ఎన్నో నేను చూడలేదు.

తాజిగుల్ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నా జబ్బు సంగతి ఆమెకి పాతదే. తను ఇంటికి పిలిచి అన్నం పెట్టిన పిల్ల అందులో ఉందన్నది కొత్త. ఆ మూడు రోజులూ మిషను దగ్గరే కూర్చుని బాప్తిస్మం అంగీ కుట్టింది. తెల్ల అంగీలు నీళ్లలో పైకి తేలకుండా కింది అంచులో సీసపు గుండ్లు పెట్టి కుట్టడం మా ఆడవాళ్ల పద్ధతి. మామూలుగా ఎనిమిది పెడుతుంది.

నాలుగో రోజు నా ఒళ్లోకి ఆ అంగీ విసిరింది. గొర్రెపిల్లంత బరువుంది.

"పట్టి చూడు. పరదా గుడ్డ, రెండు మడతలు. తడిసినా ఒంటికి అంటుకోదు. అంచు పొడుగూతా సీసమే పెట్టాను. గట్టు మీద సంఘమంతా ఉంటుంది కదా, నీ ఒక్కడి కోసం కాదులే."

"తాజిగుల్..."

"నాకు నీ మీద జాలి వేయలేదు. ఆ పిల్ల మీద వేసింది. నీ సంగతి తర్వాత చూస్తా." వంటింటి గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "చెయ్యి గట్టిగా పట్టుకో. ఆ అంగీతో ఎక్కడం కష్టం."

ఆదివారం పొద్దున్న కాలవ దగ్గర చేరాం. కొండల మంచు కరిగి వచ్చే నీళ్లు, జూన్‌లో కూడా ఎముకలు కొరుకుతాయి. గట్టు మీద సంఘం పాడుతోంది. వంతెన మీద ఇద్దరు గొర్రెల కాపరులు గుర్రాలాపి వింత చూస్తున్నారు. వీబే తాత లోతులో, నేను గట్టుకి దగ్గరగా. ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి దింపాను, ఎక్కించాను. చివర్న బెగిమాయ్.

చెయ్యి అందించాను. సూది మచ్చల చెయ్యి. దాన్ని కాదు, మొహాన్ని చూస్తూ అందించాను. దిగింది. వీబే తాత అడిగినదానికి "నమ్ముతున్నాను" అని గట్టిగా చెప్పింది. ఆయన ఆమెని వెనక్కి వాల్చి నీళ్లలో ముంచాడు. ఒక్క క్షణం కాలవ మీద ఏమీ లేదు. తెల్లటి అంగీ కూడా కనిపించలేదు.

లేచింది. ముక్కులో నోట్లో నీళ్లు, ఊపిరాడక ఎగపోస్తోంది, కళ్లు తెరవలేకపోతోంది. అలా నిలబడి తల పక్కకి తిప్పి నా వైపు చూసింది.

అదే చూపు.

 అద్దాల్లో నన్ను తరిమిన చూపు, నేను ప్రతిసారీ వేలితో జరిపేసిన చూపు, బతికున్న కళ్లతో, నీళ్లోడుతూ, రెండడుగుల దూరంలో నా మీదే ఆగింది. జరిపెయ్యడానికి ఏమీ లేదు. పాట వినిపించడం మానేసింది. ప్రభువా, చెయ్యి పట్టుకో, అనుకున్నాను. తల తిప్పలేదు.

"అయిపోయిందా బైకే?" అంది, పళ్లు టకటకా కొట్టుకుంటుంటే.

అప్పుడెప్పుడో అల్మాటిలో ఒక గదిలో ఆమె ఇదే అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు.

"అయిపోయిందమ్మా" అన్నాను. "ఇక వెళ్లొచ్చు. రా, చెయ్యి ఇవ్వు."

రెండు చేతులతో పట్టుకుని లాగాను. సీసం నిజంగానే బరువు. ఒక్కో మెట్టుకీ ఆగి, అంగీ అంచు నీళ్లలోంచి బయటికి తీసి, మళ్లీ ఒక అడుగు. పైన తాజిగుల్ దుప్పటి పరిచి నిలబడింది. ఆ పిల్లని అందులో చుట్టేసి, గుండెకి అదుముకుని, తల మీద నుంచి నా వైపు ఒకసారి చూసింది. కోపం పోలేదు. కానీ చూసింది.

ఇప్పటికీ ఎప్పుడైనా, ఆరిపోయిన ఫోను చేతిలోకి తీసుకుంటే నల్లటి అద్దంలో ఆ చూపు కనిపిస్తుంది. ఇది ఈ జన్మకి పోయేలా లేదు. పోవాలని కూడా ఇప్పుడు అడగడం లేదు. అద్దం తిప్పెయ్యను. "అయిపోయిందమ్మా, వెళ్లు" అంటాను. ఎదురు కొట్లోంచి సగిన్, "ఫోన్లతో మాట్లాడుతున్నావేంరా, పిచ్చి ముదిరిందా?" అని అరుస్తాడు. అప్పుడు మరలు విప్పడం మొదలుపెడతాను.